స్లో స్పీడ్ డీజిల్ ఇంజను: డిప్పరు ఆయిలు, రేగడి నేలలో అదురు

ఏటి నుంచి పొలానికి నీళ్లు ఎత్తిపోయడానికి నేను వాడే స్లో స్పీడ్ డీజిల్ ఇంజనులో, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున, బిగ్ ఎండ్ (క్రాంకును పట్టుకునే కింది చివర) మూతకు బిగించి, బొటనవేలంత పొడవున్న ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డిప్పరు అంటారు. క్రాంకు తిరిగిన ప్రతిసారీ అది సంపులోని (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోని) ఆయిలులో ఒకసారి మునిగి లేస్తుంది. మునిగినప్పుడు కొంత ఆయిలును తన మొనకున్న రంధ్రం గుండా బిగ్ ఎండ్ బేరింగులోకి తోస్తుంది, లేచేటప్పుడు మిగిలినదాన్ని కవ్వం చల్లను చిమ్మినట్టు క్రాంక్ కేసంతా చిమ్ముతుంది. లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) గోడకు అంటుకొని పిస్టన్‌నూ రింగులనూ తడిపేది, పిస్టన్ పిన్నుకు అందేది, మెయిన్ బేరింగులకూ క్యామ్ షాఫ్టుకూ గేర్లకూ చేరేది ఆ చిమ్మిన ఆయిలే. ఆయిలు పంపు లేదు, సన్నని గొట్టాలు లేవు, ఫిల్టరు లేదు, ప్రెషర్ గేజి లేదు. ఇన్నేళ్ల వాడకం తరువాత కూడా ఈ ఇంజనులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ ఒక్క ఏర్పాటే. నాకు దీనితో వచ్చిన పెద్ద కష్టం కూడా ఇక్కడి నుంచే వచ్చింది కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

మాది కడప జిల్లాలో కుందూ నది గట్టున ఉన్న ఊరు. కె.సి. (కర్నూలు-కడప) కాలువకు చివరి ఆయకట్టు కావడం వల్ల సుంకేసుల ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్లు మా పొలాల దాకా వచ్చే ఏడు వస్తాయి, రాని ఏడు రావు. రానప్పుడు పసుపుకైనా వరికైనా కుందూ నుంచి ఎత్తిపోసుకోవడమే దిక్కు, మా గట్టు మీదకు కరెంటు లైను లేదు. ఇక హార్స్ పవర్, బోరు, స్ట్రోకు, గంటకు తాగే డీజిల్ వంటివి కొనదలచినవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఇంగ్లండులోని డర్స్లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన నమూనాను అనుసరించి రాజ్‌కోట్‌లో తయారైన ఒంటి సిలిండరు ఇంజను ఇది. నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది, రెండు పక్కలా రెండు ఫ్లైవీళ్లు ఉంటాయి, మెయిన్ బేరింగులు టేపర్ రోలర్ రకానివి.

దీనికి ముందు మా దగ్గర 1500 చుట్లు తిరిగే చిన్న ఇంజను ఉండేది. దానిలో ఆయిలును పంపు ఒత్తిడితో బేరింగులకు పంపేది. ఆ పద్ధతి తక్కువదని నేననడం లేదు. లారీ, ట్రాక్టరు, జనరేటరు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అయితే ఏటి గట్టున పైకప్పు కూడా సరిగా లేని చోట, దుమ్ములో, వానలో, చూసే మనిషి నిత్యం ఉండని ఇంజను విషయంలో ఆ పంపు సన్నని జల్లెడ ఒక్కటి మూసుకుపోతే చాలు, బేరింగులన్నీ ఒకేసారి ఎండిపోతాయి. ఆయిలు ఒత్తిడి పడిపోయిందని చెప్పవలసిన గేజి అదురు దెబ్బకు అప్పటికే చెడిపోయి ఉంటుంది. డిప్పరు ఉన్న ఇంజనులో ఆ భయం లేదు. సంపులో ఆయిలు ఉండి, క్రాంకు తిరుగుతూ ఉంటే ఆయిలు అందుతుంది. పక్కనున్న తలుపు నట్లు విప్పితే లోపల ఏ భాగం తడిగా ఉందో, ఏది పొడిగా ఉందో కంటితో చూసుకోవచ్చు.

ఒత్తిడి లేకుండా కేవలం చిమ్మిన ఆయిలు అంత బరువును ఎలా మోస్తుందని కొత్తవారు అడుగుతుంటారు. 1883లో ఇంగ్లండులో బ్యూచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, బేరింగు పైభాగాన తొలిచిన రంధ్రంలో నుంచి ఆయిలు పైకి ఉబకడం, దానికి కొట్టిన బిరడాను సైతం బయటికి నెట్టేయడం గమనించాడు. తిరిగే ఇరుసే ఆయిలును ఇరుకు సందులోకి లాక్కొని ఒత్తిడి పుట్టిస్తుందనీ, ఆ పొర మీద బరువంతా తేలుతూ లోహం లోహాన్ని తాకకుండా ఉంటుందనీ 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్కగట్టి చూపాడు. అంటే బిగ్ ఎండ్‌కు కావలసిన ఒత్తిడిని బిగ్ ఎండే పుట్టించుకుంటుంది, డిప్పరు పని ఆయిలును ఎడతెగకుండా అందించడం వరకే. ఎడతెగకుండా అన్న మాటను చదివేవారు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, ముందు చెప్పబోయే చిక్కంతా దానితోనే ముడిపడి ఉంది.

నేను పెట్టుకున్న అలవాటు ఒకటి చెప్పాలి. చాలా రోజులు ఆగి ఉన్న ఇంజనులో లైనరు గోడ, బేరింగులు ఆయిలు జారిపోయి దాదాపు పొడిగా ఉంటాయి. సిలిండరులో గాలి నొక్కుకోకుండా చేసే డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిలుతో కొంతసేపు ఊరికే తిప్పితే డిప్పరు తన పని మొదలుపెట్టి అన్నిటినీ తడుపుతుంది, ఆ తరువాతే లీవరు వదలాలి. ఇంజను అరుగుదలలో పెద్ద వాటా స్టార్టు చేసిన మొదటి క్షణాలదే. ఆ క్షణాలను చేత్తో తిప్పి దాటించగలగడం ఈ రకం ఇంజను ఇచ్చే అదృష్టం.

ఇక అదురు. ఒంటి సిలిండరు ఇంజను అదరకుండా ఉండడం సాధ్యం కాదు. క్రాంకుతో పాటు గుండ్రంగా తిరిగే బరువును ఎదురు బరువుతో పూర్తిగా తూచవచ్చు కాని, పైకీ కిందికీ ఆడే పిస్టన్ బరువును అలా తూచలేము. ఎదురు బరువు పెంచితే నిలువు అదురు తగ్గి అడ్డంగా అదరడం మొదలవుతుంది, అందుకే సుమారు సగం వరకు తూచి అక్కడ ఆపుతారు. మిగిలిన అదురు ఎంతన్నది వేగం మీద ఆధారపడి ఉంటుంది, అదీ వేగపు వర్గంతో పెరుగుతుంది. అదే పిస్టన్, అదే స్ట్రోకు అనుకుంటే 650 చుట్ల నుంచి 1500 చుట్లకు పోయినప్పుడు ఆ బలం అయిదు రెట్లు దాటుతుంది. వేగపు ఇంజన్లలో పిస్టన్ చిన్నదిగా, స్ట్రోకు పొట్టిగా ఉంటుంది కాబట్టి అసలు తేడా అంత ఉండకపోవచ్చు, అయినా గట్టు మీద నిలబడితే అరికాళ్లకు తెలుస్తుంది. ఫ్లైవీళ్ల బరువే అదురును మింగుతుందని మా వైపు ఒక నమ్మకం ఉంది, అది సరి కాదు. రెండు చుట్లకు ఒక్కసారే మండే ఇంజనులో తిరుగుడు తడబడకుండా చూడడం ఫ్లైవీలు పని. పిస్టన్ వల్ల పుట్టే కుదుపును అడ్డుకునేది ఇంజనును బిగించిన కాంక్రీటు దిమ్మె, దాని కిందనున్న నేల.

మొదటి ఏళ్లలో నేను ఈ ఇంజనును చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. ఆయిలు విషయంలో దీనికి తిరుగే లేదని, చెడిపోవడానికి అందులో ఏమీ లేదని చెప్పాను. ఆ మాటకు ఇప్పుడు కొంత చేర్పు అవసరం.

ఒక వర్షాకాలం దాటిన తరువాత పంపుకు పోయే బెల్టు పుల్లీ మీద ఒక పక్కకు జరగడం మొదలైంది. పుల్లీ నడుమ కాస్త ఉబ్బుగా ఉంటుంది కనుక మామూలుగా బెల్టు దానంతటదే మధ్యకు వచ్చి నిలబడాలి. అది నిలబడక, ఎప్పుడూ ఒకే అంచుకు పోయి ఒరుసుకుంటూ నారలు లేచింది. బెల్టు పాతదైందని కొత్తది వేయించాము, కొంతకాలానికి దానిదీ అదే వరస. అదే రోజుల్లో ఇంజను శబ్దం మారింది. నిండు లోడు మీద ఉన్నప్పుడు దుక్ దుక్ మనే మామూలు చప్పుడు వెనుక, సుత్తితో తేలికగా కొట్టినట్టు టక్కుమనే మరో చప్పుడు వినిపించసాగింది.

పిలిపించిన మెకానిక్కు మొదట ఇంధనం ముందుగా పడుతున్నదేమోనని ఇంజక్షన్ టైమింగు చూశాడు, నాజిలు విప్పి పరీక్షించాడు. రెండూ బాగానే ఉన్నాయి. తరువాత తలుపు తీసి కనెక్టింగ్ రాడ్డును పట్టుకొని పైకీ కిందికీ ఆడిస్తే చేతికి ఆట తెలిసింది. బిగ్ ఎండ్ మూత విప్పగా బేరింగు అడుగు పెంకు మీద వైట్ మెటల్ (మెత్తని లోహపు పూత) అక్కడక్కడ చెరిగి, చారలు పడి ఉంది. ఆయిలు అందని బేరింగు గుర్తులవి. అయితే గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు పై గీత దగ్గర ఉంది, డిప్పరు రంధ్రం శుభ్రంగా ఉంది. ఆయిలు నకిలీదై ఉంటుందని మెకానిక్కు తేల్చాడు. పెంకులు మార్చి, క్రాంకు జర్నలుకు (బేరింగులో తిరిగే నున్నని భాగానికి) నీలం పూసి తాకిన చోట్లు గీకి, షిమ్ములు (సందు సరిచేసే పలచని రేకులు) సరిచేసి, సందు జర్నలు వ్యాసంలో వెయ్యో వంతుకు దగ్గరగా వచ్చేలా శ్రద్ధగా బిగించాడు. అతని పనిలో లోపం ఏమీ లేదు. ఆయిలు కూడా సీలున్న డబ్బాలో తెచ్చి కొత్తది పోశాము. చప్పుడు బాగా తగ్గింది కాని పూర్తిగా పోలేదు, ఆ సాగు ముగిసేలోపే మళ్లీ మొదటికి వచ్చింది.

కారణం దొరకడానికి తోవ చూపింది మెకానిక్కు కాదు, ప్రొద్దుటూరు నుంచి బెల్టు అతకడానికి వచ్చిన మనిషి. అతను పాత బెల్టు, అంతకుముందుది, రెండూ పక్కపక్కన పరిచి, రెండూ ఒకే అంచున తిన్నాయని చూపించాడు. "అన్నా, కొత్త బెల్టు ఏస్తా గానీ, ఇది గూడా ఇదే పక్క తింటాది. పుల్లీ సూటిగా లేదు, ఇంజను వాలింది. రసమట్టం ఉంటే పెట్టి చూడు" అన్నాడు. మేస్త్రీ దగ్గర రసమట్టం తెప్పించి ఇంజను అడుగు చట్రం మీద పెడితే బుడగ గీత దాటి ఒక చివరకు పోయింది. మూరెడు పొడవుకు వేలెడు మందం తేడా. కంటికి ఆనని వాలు అది, చుట్టూ గట్టు, ఏటి ఒడ్డు అన్నీ ఏటవాలుగానే ఉండడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు.

వాలు తెలిసిన తరువాత అసలు సంగతి విడివడింది. ఈ ఇంజనులో గేజి పుల్ల సంపుకు ఒక చివర ఉంటుంది, డిప్పరు సంపుకు నడుమ మునుగుతుంది. ఇంజను గేజి ఉన్న వైపుకు వాలింది. ఆయిలు ఆ వైపుకు చేరడం వల్ల గేజి పుల్ల మీద నిండుగా కనిపిస్తుంది, నడుమ మాత్రం మట్టం అంతకన్నా తక్కువగా ఉంటుంది. అంటే గీత చూసి ఆయిలు పోసిన ప్రతిసారీ సంపులో పడేది నిజానికి తక్కువ. అది తేల్చుకోవడానికి, పుల్ల మీద పై గీత వరకు ఉన్న ఆయిలునంతా కింది బిరడా విప్పి డబ్బాలోకి దింపి కొలిచాను. ఇంజనుతో వచ్చిన పుస్తకంలో రాసిన పరిమాణానికి బాగా తక్కువ వచ్చింది. మళ్లీ అంతే ఆయిలు పోసి, తలుపు తీసి, హ్యాండిలుతో నిదానంగా తిప్పుతూ టార్చి వేసి చూస్తే డిప్పరు మొన ఆయిలు మీద ఒరుసుకొని పోతున్నదే కాని మునగడం లేదు. కొంత ఆయిలు ఖర్చయ్యి పుల్ల మీద రెండు గీతల నడుమకు దిగేసరికి అది ఆయిలును తాకనే తాకదు. మెయిన్ బేరింగులు రోలర్ రకానివి కావడం వల్ల ఆయిలు ఆవిరి పాటి తడితో తట్టుకున్నాయి, వైట్ మెటల్ బేరింగుకు ఆ అవకాశం లేదు.

పెంకులు మార్చినా పూర్తిగా పోని ఆ టక్కు చప్పుడు సంగతి కూడా ఇంజనును లేపడానికి ఫ్లైవీళ్లు విప్పబోయినప్పుడు బయటపడింది. వాలిన ఇంజనులో ఒక పక్క పునాది బోల్టులు సడలి, ప్రతి మంటకూ చట్రం దిమ్మె మీద వెంట్రుకవాసి లేచి పడుతోంది. ఆ కుదుపుకు ఒక ఫ్లైవీలును షాఫ్టుకు బిగించే కీ అనే ఇనుప చీల వదులైంది. కీ తల చుట్టూ ఎర్రటి సన్నని పొడి పేరుకొని ఉంది. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి కదలాడి అరిగితే ఇటువంటి పొడి వస్తుంది. వదులు కీ చేసే చప్పుడును బిగ్ ఎండ్ చప్పుడు నుంచి చెవితో వేరు చేయడం అనుభవం ఉన్నవారికే కష్టం. పెంకులు మార్చినప్పుడు చప్పుడు తగ్గి పూర్తిగా పోకపోవడానికి ఇదే కారణం. కీ వదులుగా ఉన్న ఫ్లైవీలుతో ఇంజను నడపడం ప్రాణాపాయం కూడా. హబ్బులో చీలిక పడితే అంత బరువున్న చక్రం ఎటు పోతుందో చెప్పలేము. అందువల్ల హబ్బు లోపలా బయటా డీజిల్‌తో కడిగి, చీలికలు లేవని చూసుకున్న తరువాతనే కొత్త కీ చెక్కించి బిగించాము.

ఇంజను ఎందుకు వాలిందన్నది మిగిలిన ప్రశ్న. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే చేయి పట్టేంత నెర్రెలు ఇచ్చే నేల. ఇంజనును అమ్మినవారు పంపిన మనిషి ఆ రేగడినే మోకాటి లోతు తవ్వి, దాని మీదే దిమ్మె పోసి వెళ్లాడు. పైగా ఇంజను చుట్టూ తిరిగి వచ్చే చల్లార్చే నీళ్లను ఒక పక్కన దిమ్మెకు ఆనుకొని ఉన్న కాలువలోకి వదిలే ఏర్పాటు చేశాడు. ఆ పక్క నేల ఏడాదంతా తడిగా ఉండి ఉబ్బుతూ వచ్చింది, ఎదుటి పక్క ఎండి కుంగింది. కట్టిన ఇంటి గోడలను చీల్చగల నేల ఇది, చిన్న దిమ్మెను ఎత్తడం దానికి ఒక లెక్క కాదు. కడప జిల్లాలో ఇంజన్లు అమ్మేవారికి ఈ నేల గుణం తెలియదని నేను నమ్మలేను. అదురు సంగతి వచ్చినప్పుడు ఇంజను వైపే చూస్తారు గాని కింద నేల వైపు చూడరు. ఈ విషయంలో నాకు కోపం ఇప్పటికీ తీరలేదు. చెడిన పెంకులకన్నా, ఇంజను ఆగి పొలానికి తప్పిపోయిన నీటి తడికీ ఎండిన మడులకూ నా బాధ ఎక్కువ.

తిరిగి కట్టినప్పుడు దిమ్మె పగలగొట్టి, నడుము లోతు వరకు రేగడి తీసేయించాము. ఆ గుంతలో ఇసుక పోద్దామని మేస్త్రీ అన్నాడు. ఇసుక నీటిని అడుగుకు జార్చి చుట్టూ ఉన్న రేగడిని మరింత తడుపుతుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఉబ్బని గరుసు మన్ను తెప్పించి, పలచని పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించాము. దాని మీద ఇంజను బరువుకు మూడు రెట్లకు తగ్గకుండా కమ్మీలు కట్టిన కాంక్రీటు దిమ్మె పోశాము. బోల్టుల చుట్టూ గొట్టాలు పెట్టి కాస్త ఆట ఉంచి, ఇంజను కూర్చోబెట్టి, రసమట్టం క్రాంకు పొడవునా, దానికి అడ్డంగా రెండు వైపులా చూసుకున్న తరువాత సిమెంటు పాలు పోసి నింపాము. చల్లార్చే నీళ్లను పైపుతో దూరంగా పంపి, దిమ్మె చుట్టూ నాపరాళ్లు బయటి వైపుకు వాలుగా పరిపించాము. కాంక్రీటు బాగా పండేదాకా స్టార్టు చేయలేదు. నడపడం మొదలైన తొలి రోజుల్లో బోల్టులన్నిటినీ మళ్లీ బిగించవలసి వచ్చింది, అది మామూలే.

అప్పటి నుంచి బెల్టు నడుమనే నడుస్తున్నది, బిగ్ ఎండ్ పెంకులు మార్చే అవసరం రాలేదు. ఇంజను నడిచేటప్పుడు డీజిల్ ట్యాంకు మీద గ్లాసుతో నీళ్లు పెడితే సన్నని వలయాలు కనిపిస్తాయే గాని తొణకవు. ఇదే ఇంజను, ఇదే డిప్పరు. రసమట్టాన్ని ఇప్పుడు ఆయిలు డబ్బా పక్కనే ఉంచుతాను, వానలు వెలిసిన తరువాత ఒకసారి, ఎండలు ముదిరిన తరువాత ఒకసారి పెట్టి చూస్తాను.

ఆయిలు ఎంపిక గురించి కొంత. ఫిల్టరు లేని ఇంజను కాబట్టి మసి, అరుగుడు పొడి పోవడానికి సంపు అడుగు తప్ప వేరే చోటు లేదు. మసిని ఆయిలులోనే తేలుతూ ఉంచే డిటర్జెంటు గుణం ఫిల్టరు ఉన్న ఇంజన్లకు మేలు చేస్తుంది. ఫిల్టరు లేని చోట ఆ మురికి డిప్పరుతో పాటు మళ్లీ బేరింగులోకే పోతుందని కొందరు, ఆ గుణం లేకపోతే రింగులు పిస్టన్ గాడుల్లో పట్టుకుపోతాయని ఇంకొందరు వాదిస్తారు. నేను రెండో పక్షం. మా ఎండలకు తగినట్టు ఎస్.ఎ.ఇ. 40 గ్రేడు (చిక్కదనాన్ని తెలిపే అంకె) డీజిల్ ఇంజను ఆయిలే వాడుతూ, పుస్తకం చెప్పిన గడువుకన్నా ముందే మారుస్తాను. మార్చిన ప్రతిసారీ తలుపు తీసి సంపు అడుగును గుడ్డతో తుడుస్తాను. దూది వాడకూడదు, దాని పోగులు డిప్పరు రంధ్రానికి అడ్డుపడతాయి. ఆయిలు నల్లబడిందని కంగారు పడనక్కరలేదు. మట్టం తగ్గవలసింది పోయి పెరిగితే మాత్రం ఆ పూటే ఆపాలి. నాజిలు కారి డీజిలు లైనరు వెంట సంపులోకి దిగుతున్నదని గాని, నీళ్లు చేరుతున్నాయని గాని దాని అర్థం, రెండూ ఆ ఆయిలు పొరను పలుచన చేసి తెంచేవే.

డిప్పరు చేరలేని చోట్లు ఉన్నాయని కూడా ఒప్పుకోవాలి. పైన వాల్వులను నొక్కే రాకర్లకు, వాల్వు గైడ్లకు ఆ చిమ్మిన ఆయిలు అందదు, నూనె డబ్బాతో చేత్తో వేయవలసిందే. కూలి మనిషి మీద వదిలితే అది జరగదు. ఏటి నీళ్లను నేరుగా ఇంజను చుట్టూ తిప్పితే శీతాకాలంలో అది అవసరానికి మించి చల్లబడి సంపులో చెమ్మ పేరుకుంటుంది, ఆయిలు బురదగా మారుతుంది. బయటికి వచ్చే నీరు చేతికి వెచ్చగా తగిలేటట్టు వాల్వు తగ్గించుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బి.ఎస్. 6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించకూడదన్న నియమం వల్ల ఆ చెమ్మతో కలిసి పుట్టే ఆమ్లం ఇప్పుడు బాగా తగ్గింది, ఇది పాత ఇంజన్లకు కూడా కలిసివచ్చిన మార్పు. మరో సంగతి, డీజిల్ పంపులోని ప్లంజరుకూ నాజిలు సూదికీ సంపు ఆయిలుతో సంబంధం లేదు, వాటికి కందెన డీజిలే. చవక అని కిరోసిను కలిపేవారు ముందుగా పాడు చేసుకునేది వాటినే.

అదురు బాగా తగ్గినా పూర్తిగా పోదు కనుక దాని చిన్న చిన్న బాధలు మిగిలే ఉన్నాయి. నాజిలు నుంచి ట్యాంకుకు తిరిగి పోయే సన్నని రాగి గొట్టం అదిరి అదిరి గట్టిపడి నిప్పుల్ దగ్గర చిట్లుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మళ్లీ మెత్తబడుతుంది, నడుమ ఒక చుట్ట తిప్పి బిగిస్తే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. సైలెన్సరు బోల్టులు సడలడం ఎప్పుడూ ఉన్నదే.

ఈ ఇంజను ఎవరికి తగినదన్నది నా పరిస్థితిని బట్టి మాత్రమే చెప్పగలను. కరెంటు కనెక్షను ఉన్న రైతుకు డీజిల్ ఖర్చు పెట్టుకొని దీన్ని కొనమని చెప్పను. ఇంజనును బండి మీద ఒక మడి నుంచి మరో మడికి తిప్పవలసినవారికి కూడా ఇది పనికి రాదు. దీని బరువు ఒక కారణమైతే, ఎక్కడ దింపినా సమతలంగా నిలబెట్టలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం, వారికి పంపుతో ఆయిలు నడిచే తేలికపాటి ఇంజనే మేలు. అనంతపురం వైపు ఎర్రనేలల్లో, గట్టి గరుసు మీద ఒకచోట స్థిరంగా పెట్టుకునేవారికి నేను పడిన పాట్లలో సగం ఉండకపోవచ్చు. నాలాగా రేగడిలో పెట్టదలచినవారు పునాది ఖర్చును ఇంజను ధరలో భాగంగానే లెక్క వేసుకొని, ఆ పనిని అమ్మినవారికి వదలకుండా దగ్గరుండి చేయించుకోవాలి. పాత ఇంజను కొనేవారు స్టార్టు చేయించి చప్పుడు వినడంతో సరిపెట్టక, తలుపు తీయించి బిగ్ ఎండ్ ఆట చూసుకోవాలి, కీల చుట్టూ ఎర్ర పొడి ఉందేమో చూడాలి, సంపు ఆయిలు దింపి కొలిపించాలి. ఆ నమూనాకు పెంకులు, డిప్పరు ప్రొద్దుటూరులోనో కర్నూలులోనో దొరుకుతాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఒకే కొలత అని చెప్పే నకళ్లలో కూడా డిప్పరు పొడవులో తేడాలు ఉన్నాయి.